వడ్రంగి ఇంట పుట్టిన నవ్వు

కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం లాగించే పిసినారి లక్ష్మీపతిని తెలుగువాళ్లు మరిచిపోలేదు. 1987 నవంబరులో వచ్చిన ‘అహ నా పెళ్ళంట’లో ఆ పాత్ర కోట శ్రీనివాసరావుది. హీరో రాజేంద్రప్రసాద్. వీళ్ల మధ్యన సగం తల గొరిగించుకుని, పొద్దస్తమానం తిట్లు తింటూ తిరిగే పనివాడు ఒకడున్నాడు. అరగుండు అన్నదే వాడి పేరు. సినిమా చూసి బయటికొచ్చిన జనం వాణ్ని కూడా ఇంటికి వెంటబెట్టుకుపోయారు. ఎవరీ మనిషని ఆరా తీస్తే, అత్తిలిలో తెలుగు లెక్చరర్ అన్నారు. సొంతూరు పల్నాట ముప్పాళ్ళ మండలం, చాగంటివారిపాలెం.

సత్తెనపల్లికీ నరసరావుపేటకూ నడుమ ఉంటుంది ముప్పాళ్ళ. మిరప, పత్తి పండే సీమ. చాగంటివారిపాలెంలో కన్నెగంటి నాగలింగాచారి, లక్ష్మీనరసమ్మ దంపతులకు 1956 ఫిబ్రవరి 1న పుట్టాడు బ్రహ్మానందం. తండ్రిది వడ్రంగం. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చదువు సాగడమే గగనమైన ఇల్లది. ఎవరో ఒకరు చెయ్యందిస్తేనే ముందుకు జరిగిన చదువు భీమవరం డి.ఎన్.ఆర్. కాలేజీ దాకా, ఆపైన తెలుగు ఎం.ఏ. దాకా వెళ్లింది. ఆ తరువాత అత్తిలిలో పాఠాలు చెప్పే ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువంటే ఆ ఇంటికి ఎంత పెద్ద మాటో, పేదింట్లో మొదటి ఉద్యోగస్థుణ్ని చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అయినా ఆయన అక్కడ ఆగలేదు. మిమిక్రీ చేసేవాడు, నాటకాలాడేవాడు. 1985లో దూరదర్శన్‌లో ‘పకపకలు’ కార్యక్రమంలో కనిపించాడు. అప్పట్లో తెలుగువాళ్లకున్నది ఆ ఒక్క చానలే. టీవీ ఉన్న ఇంటి వసారాలో వీధివీధంతా చేరి చూసే రోజులు. రంగస్థలం మీద ఆయన్ను చూసిన దర్శకుడు జంధ్యాల ‘చంటబ్బాయ్’లో చిన్న వేషం ఇచ్చారు. వేజెళ్ళ సత్యనారాయణ ‘శ్రీ తాతావతారం’లోకి తీసుకున్నారు. ఆ వెనకే ‘అహ నా పెళ్ళంట’లో, జంధ్యాల చేతిలోనే అరగుండు. డి. రామానాయుడు నిర్మించిన ఆ సినిమాతో తెలుగు మాస్టారు సినిమా మనిషైపోయాడు.

నన్ను ఎన్నో ఏళ్లుగా ఆలోచింపజేస్తున్నది ఆయన పని తీరు. నవ్వించడానికి ఆయన ఎన్నడూ ‘నేను నవ్విస్తున్నాను’ అన్న ముఖం పెట్టడు. ‘మనీ’ (1993)లో ఖాన్ దాదాను చూడండి. తాను పెద్ద రౌడీనన్న సంగతి ఖాన్ దాదాకు నూటికి నూరుపాళ్లు నిజం. సినిమాల్లోకి వెళితే తనకు తిరుగులేదన్నదీ అంతే నిజం. ఆ నమ్మకంలో వెంట్రుకవాసి సందేహం కూడా ఉండదు. మనం నవ్వేది ఆ నమ్మకాన్ని చూసి. శివనాగేశ్వరరావు తీసిన ఆ సినిమాకే ఆయనకు నంది వచ్చింది. ‘మన్మథుడు’ (2002)లో పారిస్‌లో తిరిగే లవంగం, ‘అదుర్స్’ (2010)లో శిష్యుడి చేతిలో నలిగే భట్టు, ‘రెడీ’ (2008)లో మెక్‌డొవెల్ మూర్తి... ఒక్కడు కూడా తనను తాను తక్కువ అంచనా వేసుకునే రకం కాదు. లోకమే వాళ్లను సరిగ్గా అర్థం చేసుకోదు. పరువు కోసం అంతగా పాకులాడేవాడి పరువు పోతుంటే మనకు నవ్వొస్తుంది, ఆ వెనకే కాస్త జాలీ పుడుతుంది. ఆ జాలి లేకపోయుంటే ఆయన నవ్వులు ఇన్నేళ్లు నిలిచేవి కావని నా గట్టి నమ్మకం.

ఆ పని తీరులో మొదటిది ఈ నమ్మకమైతే, రెండోది రియాక్షన్. క్యారెక్టర్ ఆర్టిస్టుల బతుకంతా అందులోనే ఉంటుంది. డైలాగు ఎదుటివాడిది, కెమెరా ఎదుటివాడి మీద, కథ ఎదుటివాడిది. మధ్యలో తనకు దొరికేది రెండు మూడు సెకన్లు. తిట్టు చెవిన పడిన క్షణానికీ, అది బుర్రకెక్కిన క్షణానికీ మధ్య ఒక చిన్న ఖాళీ ఉంటుంది చూశారా, బ్రహ్మానందం కాపురం ఆ ఖాళీలోనే. ముందు కళ్లు ఆగుతాయి. తరువాత మెడ తిరుగుతుంది. ఆఖరున పెదవి కదులుతుంది. ఈ వరస తప్పితే నవ్వు పుట్టదు. ఎక్కడ ఆగాలో ఎక్కడ విరవాలో పద్యాన్ని నోటితో చదివి చెప్పిన తెలుగు మాస్టారికి బాగా తెలుసు. ఆయన టైమింగ్ అంటూ అందరూ మెచ్చుకునేదానికి మూలం ఆ తరగతి గదిలోనే ఉందనిపిస్తుంది నాకు.

అందుకే మాటలు తీసేసినా ఆ ముఖం పనిచేస్తూనే ఉంది. ఫోన్లలో తిరిగే మీమ్స్‌లో ఆయన ఒక్కో చూపూ ఒక్కో మాటకు బదులుగా నిలబడింది. ఆ సినిమాలు విడుదలైనప్పటికి పుట్టని పిల్లలు కూడా కోపానికో, వెటకారానికో, దిక్కుతోచనితనానికో ఆయన ముఖాన్నే పంపుకుంటున్నారు.

బతికున్న నటుల్లో అత్యధిక చిత్రాల్లో నటించినవాడిగా గిన్నిస్ బుక్‌లోకి ఎక్కాడు. వెయ్యి సినిమాలు దాటాయి. వెయ్యిని నలభై ఏళ్లకు పంచినా ఏడాదికి పాతిక. చేతినిండా పని ఉన్న ఏళ్లలో ఇంకా ఎక్కువే. పొద్దున ఒక సెట్లో పురోహితుడు, మధ్యాహ్నం ఇంకో సెట్లో దొంగ, రాత్రికి డబ్బింగ్ థియేటర్. కాల్షీట్ల లెక్కన బతికే మనిషికి బాగా చేయలేకపోయానని రేపటికి వాయిదా వేసుకునే వీలుండదు. 2009లో పద్మశ్రీ వచ్చింది. నాకైతే ఆ బిరుదు కన్నా ఈ రోజువారీ చాకిరీ గొప్పగా తోస్తుంది.

ఆయన పక్కన నిలబడి నవ్వించిన ఆడవాళ్ల మాట ఎత్తకపోతే ఈ కథ సగమే అవుతుంది. జంధ్యాల సినిమాల్లో శ్రీలక్ష్మి ఏం తక్కువ చేసింది? బ్రహ్మానందంతో జోడీగా కోవై సరళ గొంతు లేచిందంటే హాలు దద్దరిల్లేది. కానీ నడివయసు దాటిన హాస్యనటి కోసం పాత్ర రాసే అలవాటు మన రచయితలకు లేదు. హాస్యనటుడికి వయసొస్తే పాత్ర మారింది. హాస్యనటికి వయసొస్తే పాత్రే కరువైంది. ఇది నాకు బాధగానే ఉంటుంది.

దర్శకుడు శ్రీను వైట్ల సినిమాల కాలంలో సెకండాఫ్ బరువు చాలావరకు ఆయన భుజాల మీదే పడింది. ‘దూకుడు’ (2011)లో రియాలిటీ షోలో ఉన్నానని నమ్మి మోసపోయే పద్మశ్రీ అనే పాత్ర ఆ దారికి శిఖరం. తరువాత వచ్చినవాళ్లు అదే అచ్చును మళ్లీ మళ్లీ పోశారు. హీరో ఒక తెలివితక్కువవాణ్ని పట్టుకుని ఆడించడం, చివర్లో నాలుగు తగిలించడం. చూసీ చూసీ జనానికి మొహం మొత్తింది. 2014లో ‘రేసుగుర్రం’ చివర్లో కిల్ బిల్ పాండేగా వచ్చి ఊపేశాడు గానీ, ఆ తరువాత వేషాలు పలచబడ్డాయి. తప్పు నటుడిది కాదంటాను. అరిగిపోయింది రాత. 2019లో గుండెకు ఆపరేషన్ కూడా జరిగింది.

కరోనా రోజుల్లో ఆయన ఇంట్లో కూర్చుని పెన్సిలుతో దేవుళ్ల బొమ్మలు గీశాడు. వాటిలో గీతల నునుపు చూస్తే, చెక్క మీద గీత గీసి ఉలి పెట్టే నాగలింగాచారి చెయ్యి గుర్తొస్తుంది. ఆ చేతిని నేను చూడలేదు, అయినా గుర్తొస్తుంది.

2023లో కృష్ణవంశీ ‘రంగమార్తాండ’ వచ్చింది. ప్రకాశ్‌రాజ్ రాఘవరావు, బ్రహ్మానందం అతని స్నేహితుడు చక్రపాణి. ఇద్దరూ ముదిమి మీద పడిన రంగస్థల నటులే. ఆ ఏడాదే ‘కీడా కోలా’లో చక్రాల కుర్చీలో కూర్చున్న తాత. 2025 ఫిబ్రవరిలో ‘బ్రహ్మా ఆనందం’లో సొంత కొడుకు రాజా గౌతమ్‌కు తాతగా వేశాడు.

‘రంగమార్తాండ’లో ఆసుపత్రి మంచం మీద చక్రపాణి మాట్లాడుతుంటే, హాల్లో నా ముందు వరసలో ఒక పెద్దాయన అలవాటుకొద్దీ నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారు. సన్నివేశం సగానికి వచ్చేసరికి కండువా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మంచం మీదున్న మనిషి మళ్లీ అదే చేశాడు. ముందు కళ్లు ఆగాయి, తరువాత మెడ తిరిగింది, ఆఖరున పెదవి కదిలింది.