మంచుకాటు – చలిమంట

నిడమనూరు పరిసరములందు చలి యనగా పుష్యమాసపు వేకువజామున సాగర్ ఎడమకాలువ గట్టుమీద నడచువాని పెదవులు పగులుటయు, వాకిట చలిమంట వేసికొని నలుగురును చేతులు కాచుకొనుటయు మాత్రమే. వడదెబ్బ తగిలినవానికి చేయవలసిన యుపచారము మన పల్లెలలోని పెద్దలందఱు నెఱుగుదురు గాని, మేనిలోని నీరే గడ్డకట్టునంతటి శైత్యమునకు గుఱియైన వ్రేలి నేమి చేయవలెనో చెప్పగలవారు మనలో నరుదు.

తెలియవలసిన యవసరము మాత్రము వచ్చినది. సూర్యాపేట వాస్తవ్యుడును, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినవాడును, 16వ బీహార్ దళమునకు నాయకుడును నైన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15వ తేదీ రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయయందు చీనా సైనికులతో జరిగిన ఘర్షణలో వీరమరణము నొందెను. ఆ ఘర్షణలో మనము కోల్పోయిన 20 మందిలో, తీవ్రముగా గాయపడిన 17 మంది ఆ యున్నతప్రదేశమున సున్న డిగ్రీలకు దిగువనున్న చలికి లోనై ప్రాణములు విడిచిరని మన సైన్యము ప్రకటించెను. జూన్ మాసమున! మృగశిర కార్తె ప్రవేశించినను సూర్యాపేటలో ఉక్కపోత వదలని దినములవి. మఱి సైనికులే కాదు, మన పిల్లలును చదువులకై చికాగో, మినియాపొలిస్, టొరంటో నగరములకు నడిశీతకాలమున పోవుచున్నారు.

చలి సోకగానే దేహము గుండె, మెదడు మున్నగు వాని వేడిమిని కాపాడుకొనుటకై చర్మమందలి రక్తనాళములను ముడుచుకొనును. అందుచే ముక్కు, చెవులు, చెక్కిళ్లు, కాలుసేతుల వ్రేళ్లు నెత్తురు కొఱవడి చల్లబడి, తుదకు కణముల నడుమ మంచుపలుకు లేర్పడును. ఇదియే మంచుకాటు. మొదట పోటు, పిదప తిమ్మిరి, ఆ పిదప నేమియు తెలియకుండుట. నొప్పి పోయినదని సంతసించువాడే నిజముగా నపాయములో నున్నవాడు. గ్రంథములు చర్మము తెల్లబడునని చెప్పును గాని మన చామనచాయలో నది స్ఫుటముగా కానరాదు. మైనమువలె గట్టిపడినదా యని తాకి చూచుటయే మేలు. గాలి వీచినకొలది కాటు త్వరపడును: గాలినిగూడ లెక్కించి చెప్పెడి చలి సున్నకు దిగువ 28 డిగ్రీలైనచో, కప్పుకొనని చర్మమునకు 30 నిమిషములే చాలును.

1812లో నెపోలియన్ రష్యాపై దండెత్తినపుడు, అతని శస్త్రవైద్యుడు లారే, మంటలయొద్ద కాళ్లు కాచుకొన్న సైనికుల పాదములు చెడిపోవుట చూచి, మంచుతో రుద్దుటయే చికిత్స యని నిర్ణయించెను. మంటను గూర్చి యాతడు కనిపెట్టినది సత్యము. మొద్దుబాఱిన పాదము కాలుచున్నను తెలియదు. రుద్దుమనుట మాత్ర మనర్థము, ఏలయన లోపలి కణజాలము మఱింత చితికిపోవును. లోకము నూఱేండ్లకు పైగా ఆ రెండవ మాటనే పట్టుకొని వ్రేలాడెను!

చేయవలసిన దిది. రోగి వణకుచు మగతలో పడుచున్నచో మొదట దేహమంతటికి వెచ్చదనము కలిగింపవలెను. తడిబట్టలు, ఉంగరములు, మెట్టెలు తీసి, కాటుపడిన యవయవమును 37 మొదలు 39 డిగ్రీలవఱకు వేడిగల నీటిలో, చర్మ మెఱ్ఱబడి మెత్తబడువఱకు, రమారమి అరగంట ముంచి యుంచవలెను. వేడి నీటి నారోగ్యవంతుడు తన మోచేతితో పరీక్షించుట మంచిది. అప్పుడు కలుగు బాధ దుర్భరము, కాని యది శుభసూచకమే. బొబ్బలు చిదుపరాదు, వ్రేళ్ల నడుమ పొడి దూదిపలుకు లుంచవలెను, రక్తనాళములను ముడుచు బీడీ, సిగరెట్టు ముట్టరాదు. దారిలో మరల గడ్డకట్టు ప్రమాద మున్నచో అసలు కరగింపకుండుటయే మేలు, ఏలయన రెండవమాఱు గడ్డకట్టిన యవయవము దక్కుట కష్టము. ఆసుపత్రికి జాగు సేయరాదు: నెత్తురుగడ్డలను కరగించు మందులు సాధారణముగా 24 గంటలలోపలనే పనిచేయును, ఇలోప్రోస్ట్ అను నౌషధమునకు 2024లో అమెరికా ప్రభుత్వ మనుమతి లభించినది. వ్రేలు నల్లబడినంతనే కోయుటకు తొందరపడనక్కఱలేదు. చచ్చిన భాగమేదో బ్రతికిన భాగమేదో తేలుటకు వారములు, ఒక్కొక్కపుడు నెలలు పట్టును.

నివారణ యింతకంటె సులువు. ఒక మందపు కోటుకంటె పొరలు పొరలుగా తొడిగిన బట్టలు మేలు. వ్రేళ్లు వేఱువేఱుగా నుండు చేతితొడుగులకంటె కలిసియుండునవి వెచ్చన. మద్యము ఒడలు వెచ్చబడినట్లు భ్రమ కలిగించి యున్న వేడిమినే వెలికి పంపును. విదేశమునకు పోవు పిల్లవాని పెట్టెలో ఆవకాయతోపాటు రెండు జతల ఉన్నిమేజోళ్లు పెట్టు తల్లిదండ్రులు, ఆ రెంటిని ఒకే బూటులో ఇఱికించి తొడుగరాదనియు, ఒత్తిడిచే నెత్తురాడక వ్రేళ్లు మఱింత త్వరగా గడ్డకట్టుననియు వానికి చెప్పి పంపవలెను. బూటు ఒక సైజు పెద్దది, అక్కడికి చేరిన పిదప, మేజోళ్లు తొడుగుకొనియే కొలిచి కొనుట యుత్తమము.