ఏంజెల్ చేపల రంగులు - గుర్తించు విధము

వరి విత్తనము కొనునపుడు గింజ నిగారింపును మాత్రమే చూచి తృప్తిపడు రైతు అరుదు. అది ఏ చేనిలో పండినది, కేళీలను ఏరివేసిరా లేదా అని అడిగి తెలిసికొనును. అదే రైతు పెరటిలో తొట్లు కట్టించి అలంకార చేపలను పెంచదలచినపుడు, అంగడిలో నల్లగా కనిపించిన ఏంజెల్ చేపల జంటను మారుమాట లేక కొని తెచ్చును. రెండు నెలలు మేతపెట్టి సాకిన పిదప చూచిన, పిల్లలలో కొన్ని నలుపు, కొన్ని మసివన్నె, కొన్ని చారల వెండివన్నె! టోకు వర్తకుడు ఒకే రకపు పిల్లలను కోరును. కలగాపులగముగా నున్నవానికి తక్కువ ధర కట్టును. తొట్టి, మేత, శ్రమ అన్నియు ఒకటే. రాబడి మాత్రము తగ్గినది. చేప రంగును, ఆ రంగు వెనుక నున్న వంశమును గుర్తించుట నేర్చినచో ఈ నష్టమును చాలవరకు తప్పించుకొనవచ్చును.

ఈ చేప పుట్టుక

ఏంజెల్ చేప దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతమునకు చెందినది. శాస్త్రజ్ఞులు 1823లో దీనిని వర్ణించి పేరు పెట్టిరి. దేహము ఆకువలె పలుచగా, గుండ్రముగా నుండును. వీపు రెక్కయు, క్రింది రెక్కయు పొడవుగా సాగియుండును. ఈ ప్రజాతిలో మూడు జాతులను చెప్పుదురు గాని, మన అంగళ్లలో దొరకునవి దాదాపు అన్నియు 'స్కలారె' అనుదాని సంతతియే. నదిలోని చేపకు వెండి దేహముపై నల్లని నిలువు చారలు మాత్రమే యుండును. నలుపు, బంగారు, చలువరాతి వన్నెలు మొదలగునవి తొట్లలో పెంచగా అప్పుడప్పుడు పుట్టిన మార్పులను మనుష్యుడు ఏరి నిలిపినవి. 1980 దశకములో అమెరికాలో డాక్టరు జోఅన్ నార్టన్ అను ఆమె, ఏ జంటకు ఏ రంగు పిల్లలు ఎన్ని పుట్టునో లెక్కించి వరుస వ్యాసములు ప్రకటించిరి. నేటి పెంపకందారులు ఆ లెక్కలనే ఆధారముగా తీసికొనుచున్నారు.

చూచుటకు ముందు

చేపను ఎప్పుడు పడితే అప్పుడు చూచి రకము నిర్ణయించరాదు. బెదరిన చేపకును, సంచిలో ప్రయాణము చేసి వచ్చిన చేపకును చారలు ఒకప్పుడు వెలిసిపోవును, ఒకప్పుడు మిక్కిలి నల్లబడును. రాత్రి దీపము తీసిన పిదప రంగు తగ్గును. కావున తొట్టిలో రెండు మూడు దినములు కుదురుకొనిన తరువాత, పగటి వెలుతురులో, మేత తినుచుండగా చూడవలెను. మరీ చిన్న పిల్లలలో పెక్కు రకముల గుర్తులు తేలవు.

ముఖ్యమైన రకములు

సిల్వర్: ఇది నదిచేప రూపు. వెండి దేహము, కంటి మీదుగా ఒక చార, దేహముపై మరికొన్ని స్పష్టమైన నల్లని చారలు.

జీబ్రా: సిల్వర్ వలెనే యుండును గాని ఒకటి రెండు చారలు అదనము. రెక్కలపై చుక్కల వరుసలు దట్టముగా నుండును. చారలను లెక్కించినగాని తేడా తెలియదు.

బ్లాక్ లేస్: దేహమంతయు మసిపూసినట్లుండును. అయినను పరీక్షగా చూచినచో లోపలి చారలు కనిపించును. రెక్కలపై నల్లని అల్లిక వంటి పని యుండును.

బ్లాక్: చారలు కనిపించని గాఢమైన నలుపు. లేస్ చేపను బ్లాక్ అని పొరబడుటయే పైన చెప్పిన నష్టమునకు మూలము.

మార్బుల్: చలువరాతిపై గీతలవలె క్రమము లేని నల్లని మచ్చలు, తీగలు. ఏ రెండు చేపలకును ఒకే తీరు ఉండదు.

గోల్డ్: చారలు లేని లేత బంగారువన్నె. వయసు వచ్చినకొలది నుదుటిపైన, వీపుపైన పసుపు ముదురును.

బ్లషింగ్: చారలుండవు. చిన్నతనములో మొప్పల మూత పారదర్శకముగా నుండి, లోని ఎరుపు చెంపలవలె కనిపించును. ఒక్క మోతాదు మాత్రమే గల చేపను ఘోస్ట్ అందురు. దానికి దేహముపై చారలు లేకుండుటయో, మిక్కిలి తక్కువగా నుండుటయో జరుగును.

కోయి: తలపైన నారింజవన్నె, తెల్లని దేహముపై నల్లని మచ్చలు. మచ్చలు, నారింజవన్నె ప్రతి చేపకు వేరువేరు కొలతలో నుండును.

ఆల్బినో: కంటిపాప ఎర్రగా నుండును. కన్ను నల్లగా నున్న తెల్లని చేప ఆల్బినో కాదు.

పెర్ల్ స్కేల్, వెయిల్ అనునవి రంగులు కావు. మొదటిది ముడతపడి మెరయు పొలుసు. రెండవది మిక్కిలి పొడవైన రెక్క. ఇవి పై రంగులలో దేనితోనైనను కలిసి రావచ్చును. కావున రంగు వేరుగా, పొలుసు వేరుగా, రెక్క వేరుగా చూచి వ్రాసికొనుడు.

పిల్లలు చెప్పు లెక్క

ప్రతి పిల్లకు తల్లి నుండి ఒక పాలు, తండ్రి నుండి ఒక పాలు గుణము సంక్రమించును. నలుపు గుణము ఒక్క పాలు వచ్చిన లేస్, రెండు పాళ్లు వచ్చిన బ్లాక్. ఇందువలన లేస్ జంటను కట్టినచో, సుమారు 100 పిల్లలలో 25 బ్లాక్, 50 లేస్, 25 సిల్వర్ రావలెను. మొదట చెప్పిన రైతు తొట్టిలో జరిగినది ఇదియే. వర్తకుడు మోసము చేసెనని అనుటకు లేదు. కొన్నది బ్లాక్ కాదు, లేస్. బ్లాకును సిల్వరుతో కలిపిన అన్నియు లేస్ వచ్చును.

రెండు పాళ్లు నలుపు గల పిల్లలు బలహీనములు; నెమ్మదిగా పెరుగును, ఎక్కువగా చచ్చును. దీనికి మార్గము కలదు. అట్టి బ్లాకును గోల్డుతో కలిపిన, పిల్లలు నల్లగానే యుండి, ఎక్కువ దృఢముగా పెరుగును. అయితే ఆ పిల్లలను పెద్దవిచేసి వానిలో వానిని జతకట్టినచో నాలుగవ వంతు గోల్డ్ తేలును. కావున అమ్మకమునకు మంచివే గాని, తల్లిచేపలుగా నిలుపుకొనునపుడు ఈ సంగతి మరువరాదు.

గోల్డ్ గుణము దాగియుండునట్టిది. సిల్వర్ జంటకు నడుమ నడుమ గోల్డ్ పిల్లలు పుట్టినచో ఆశ్చర్యపడకుడు. తల్లిదండ్రులు రెండును ఆ గుణమును దాచియున్నవని అర్థము. గోల్డుకు గోల్డును కట్టిన అన్నియు గోల్డే. ఆల్బినో, పెర్ల్ స్కేల్ గుణములు కూడ ఇట్లే దాగునవి. మార్బుల్ అట్లు కాదు. సిల్వరుతో కలిపినపుడు తల్లిదండ్రులలో ఒక్కటి మార్బులైనను పిల్లలలో సగమునకు తక్కువ కాకుండ మార్బుల్ వచ్చును.

కొనునపుడు, పెంచునపుడు

1. పెద్ద జంటను కొనుటకంటె, తల్లిదండ్రులను చూపగల పెంపకందారు వద్ద ఒకే రకపు పిల్లలను 6 లేక 8 తెచ్చి పెంచుట మేలు. సుమారు 8 నుండి 12 నెలల వయసులో అవియే జతగూడును. మగ, ఆడ తేడా గ్రుడ్లు పెట్టు సమయమున తప్ప నిశ్చయముగా తెలియదు.

2. ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క తొట్టి యుంచుడు. తొట్టిపై రకము పేరు, తెచ్చిన తేది వ్రాయుడు.

3. ప్రతి ఈతకు ఒక పుస్తకములో జంట రకము, గ్రుడ్లు పెట్టిన తేది, ఏ రంగు పిల్లలు ఎన్ని అనునవి నమోదు చేయుడు. మూడు ఈతల లెక్క మీ చేతనున్నచో ఆ జంట వంశము మీకు తేటపడును.

4. పిల్లలు రూపాయి బిళ్లంత అయినపుడు రంగువారీగా వేరుచేయుడు. మచ్చ కుదరనివి, రెక్క వంకరవి తల్లిచేపలుగా ఉంచకుడు. వరిలో కేళీ ఏరుటవంటిదే ఇది.

మరియొక మాట. ఏరివేసిన చేపలను చెరువులోగాని, కాలువలోగాని వదలరాదు. పరదేశపు చేప మన నీటిలో స్థిరపడినచో స్థానికమైన చేపలకు హాని కలుగవచ్చును. చేపతోపాటు తొట్టిలోని రోగములు కూడ చెరువునకు చేరును.

గ్రామాధికారులు తమ గ్రామములో అలంకార చేపలు పెంచువారికి ఈ లెక్కపుస్తకము అలవాటు చేయించినచో మేలు చేసినవారగుదురు. తొట్ల కొలతలు, నీటి పరీక్ష, సహాయ పథకముల వివరములకు సమీపమున నున్న మత్స్యశాఖ కార్యాలయమును సంప్రదింపవలెను. అచ్చటికి పోవునపుడు మీ పుస్తకమును వెంట తీసికొనిపొండు.