వెంట్రుకవాసి తేడా... వేలికి తెలుస్తుంది!

చెక్కతో చేసిన పెన్ను చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా, చేతిలోకి తీసుకోగానే అసలు సంగతి వేళ్లు చెప్పేస్తాయి. చెక్క ఎక్కడ ఆగిందో, లోహం ఎక్కడ మొదలైందో తెలియకూడదు. తెలిసిందంటే కొలత తప్పినట్టే! ఆ కొలతను కాపాడేది ఉంగరమంత ఉక్కుముక్క... దాని పేరే బుష్.

తాతగారు చేయించిన టేకు తలుపు, ఇంట్లో పిల్లలందరూ ఊగిన ఉయ్యాల, పొలంలో అరిగిన నాగలి... ఇల్లు కూల్చినప్పుడో, ఊరు మారినప్పుడో ఇలాంటివన్నీ చివరికి వంటచెరుకైపోతుంటాయి. అందులోంచి జానెడు ముక్క దాచుకున్నా చాలు, ఓ పెన్ను తయారవుతుంది. అమెరికా, బ్రిటన్‌లలో ఎంతోమందికి ఇదో హాబీ. గ్యారేజీలో చిన్న లేత్ పెట్టుకుని, సెలవు రోజుల్లో పెన్నులు చేస్తుంటారు. విస్కీ పీపాల చెక్క, పాత చర్చి బల్లలు కూడా వాళ్ల చేతుల్లో కలాలై కానుకలుగా మారుతుంటాయి.

దుకాణంలో కొన్న చెక్క పాడైతే మరొకటి తెచ్చుకోవచ్చు. అమ్మమ్మ ఉయ్యాల ముక్క పాడైతే? మళ్లీ దొరకదు. ఉలి ఒక్కసారి ఎక్కువ దిగిందంటే పోయిన చెక్క తిరిగి రాదు. అందుకే ఈ పనిలో చేతి నేర్పు ఎంత ముఖ్యమో, కొలత కూడా అంతే ముఖ్యం.

కిట్ తెస్తే సగం పెన్ను!

ఇంట్లో పెన్ను చేసేవాళ్లు అన్ని భాగాలనూ సొంతంగా చేయరు. మొన, క్లిప్పు, నడుమ రింగు, తిప్పితే రీఫిల్ బయటికొచ్చే యంత్రం, ఇత్తడి గొట్టాలు... ఇవన్నీ ఓ పొట్లంలో దొరుకుతాయి. అదే పెన్ కిట్. మనం చేయాల్సింది పెన్ను ఒంటినే.

చెక్కను గొట్టం కంటే కాస్త పొడవుగా కోసి, నిలువునా రంధ్రం వేస్తారు. ఎక్కువమంది మొదట చేసే సన్నరకం ‘స్లిమ్‌లైన్’ పెన్నుకు ఇది 7 మిల్లీమీటర్ల రంధ్రం. అందులోకి ఇత్తడి గొట్టాన్ని జిగురుతో అతికిస్తారు. ఇత్తడి మెరుస్తూ కనిపించేదాకా రెండు చివరలనూ సమంగా చెక్కుతారు. తర్వాత మాండ్రెల్ అనే సన్నని ఉక్కు కడ్డీకి గుచ్చి లేత్‌పై తిప్పుతారు. ఆ కడ్డీ మీద వరస ఇలా ఉంటుంది... బుష్, చెక్క, బుష్, చెక్క, బుష్!

మిక్సీలోనో, ఫ్యానులోనో ‘బుష్ అరిగిపోయింది’ అని మెకానిక్ చెప్పడం అందరూ వినే ఉంటారు. అక్కడ బుష్ పని ఇరుసుకు ఆధారంగా ఉండటం. పెన్ను తయారీలో దానికి మరో బాధ్యత కూడా ఉంది. చెక్కను కడ్డీ మధ్యలో నిలబెడుతూనే ‘ఇంతవరకే చెక్కు’ అని హద్దు చూపిస్తుంది. దాని బయటి కొలత కిట్‌లోని లోహపు భాగం కొలతతో సమానంగా ఉంటుంది. చెక్క అంచు బుష్‌తో సమానమయ్యేదాకా ఉలి పట్టి ఆపేస్తే, పెన్ను బిగించాక చెక్కా లోహమూ ఒకే గీతలో కలిసిపోతాయి.

మందం మిల్లీమీటరు కూడా లేదు

స్లిమ్‌లైన్ పెన్ను అంచు దగ్గర మొత్తం మందం 8 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. లోపలి రంధ్రానికే 7 పోతాయి. మిగిలింది రెండు పక్కలకూ పంచితే చెక్క మందం ఒక్క మిల్లీమీటరు కూడా రాదు. అంత పల్చని చోట వెంట్రుక మందమంత తేడా వచ్చినా వేలు పసిగట్టేస్తుంది. చెక్క ఎత్తుగా ఉంటే మెట్టులా తగులుతుంది. తగ్గితే లోహం అంచు గోటికి తట్టుకుంటుంది. కళ్లు మూసుకుని గోటితో గీసి చూస్తే చాలు, పని ఎలా ఉందో తెలిసిపోతుంది.

ఇక్కడే కొత్తవాళ్లు పొరబడుతుంటారు. ఒక కిట్ కొంటారు, దగ్గరున్న మరో రకం బుష్‌లు వాడేస్తారు. చూపులకు అన్నీ ఒకేలా ఉంటాయి. కిట్‌ల పేర్లూ దగ్గరగానే ఉంటాయి. కానీ తయారీదారు మారితే కొలతా మారొచ్చు. కొన్ని రకాల్లో మొన దగ్గర ఒక కొలత, నడుమ మరొకటి, మూత దగ్గర ఇంకొకటి. సరైన బుష్‌లే కొన్నా, అటుది ఇటు గుచ్చితే కష్టమంతా వృథా. అందుకే అనుభవజ్ఞులు ఒక్కో కిట్ బుష్‌లను విడివిడి డబ్బాల్లో పెట్టి, పైన పేరు రాసుకుంటారు.

బుష్ కూడా అరుగుతుంది

సరైన బుష్ దొరికినా నిశ్చింతగా ఉండటానికి లేదు. చెక్కను నున్నగా చేసేందుకు ఉప్పు కాగితం పట్టిన ప్రతిసారీ పక్కనున్న ఉక్కూ కొద్దికొద్దిగా అరుగుతుంది. కొన్ని పెన్నులయ్యేసరికి బుష్ సన్నబడుతుంది. దాన్నే నమ్ముకుంటే ఆపైన చేసే ప్రతి పెన్నూ లోహం కంటే సన్నగానే వస్తుంది. పైగా ఆ అరిగిన ఉక్కు పొడి తెల్లని చెక్కల్లో ఇంకి నల్లని మరకలు చేస్తుంది.

లోపలి రంధ్రం అరిగితే మరో చిక్కు. చెక్క కడ్డీ మధ్యలో సరిగ్గా నిలబడదు. పెన్ను ఒక పక్క ఎత్తుగా, మరో పక్క పల్లంగా వస్తుంది. కడ్డీ నట్టును మరీ గట్టిగా బిగించినా అంతే... కడ్డీ వంగి, గుండ్రదనం పోతుంది. ఈ బాధ పడలేక కొందరు కడ్డీనే పక్కనపెట్టి, రెండు మొనల మధ్య చెక్కను నిలిపి చెక్కుతారు.

కొలత తప్పకుండా ఉండటానికి మందు... ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో పట్టుకున్న వెర్నియర్ కాలిపర్! చెక్క అంచు కలవబోయే లోహపు భాగాన్ని ముందుగా దాంతో కొలవాలి. రెండు ముక్కల పెన్నుకు నాలుగు చివరలు, అంటే నాలుగు అంకెలు. వాటిని కాగితం మీద రాసుకుని లేత్ దగ్గర అంటించుకోవాలి. బుష్ దగ్గరపడేదాకా ఉలి, ఆపైన ఉప్పు కాగితం, కాలిపర్. పైపూతగా సూపర్ గ్లూ వేసేవాళ్లు ఆ పూత మందానికి చోటుంచి, చెక్కను ఇంకాస్త తగ్గించాలి. అదే జిగురు బుష్‌కు అంటుకుంటే విడదీసేటప్పుడు అంచు పెచ్చులూడుతుంది. అందుకని బుష్‌కు ముందే మైనం రాస్తారు, లేదంటే జిగురు పట్టని ప్లాస్టిక్ బుష్‌లు మారుస్తారు.

చెక్క వెంట్రుకవాసి ఎక్కువ తెగితే కంగారుపడక్కర్లేదు. పల్చగా సూపర్ గ్లూ పూతలు పూసి ఆ లోటు పూడ్చొచ్చు. అంతకు మించితే మాత్రం చెక్కంతా తీసేసి, కొత్త ముక్కతో మొదటికి రావాల్సిందే.

రాజమండ్రిలో కిట్ లేని కలం

కిట్‌లూ బుష్‌లూ లేని రోజుల నుంచే గోదావరి ఒడ్డున పెన్నులు తయారవుతున్నాయి. స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో కె.వి.రత్నం 1932లో రాజమండ్రిలో మొదలుపెట్టిన రత్నం పెన్నులు ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీలను లేత్‌పై చెక్కి చేసినవే. బజారులో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయమన్న అభిప్రాయంతో 1935లో గాంధీజీ ఆయనకు ఉత్తరం రాశారు. అక్కడ హద్దు చూపించే ఉక్కు ఉంగరం ఉండదు. మూతకు పెన్ను ఒళ్లే కొలత, ఒంటికి మూతే కొలత. మరలు కుదిరేదాకా చేతికీ కంటికీ విశ్రాంతి లేదు.

తరిమెన పట్టడమంటే మనవాళ్లకు కొత్త కాదు. ఏటికొప్పాక లక్క బొమ్మలూ అలా పుట్టినవే. చేతిలో ఆ పని ఉన్నవాళ్లకు పెన్ను చేయడం పెద్ద కష్టమేం కాదు. కాకపోతే ఓ జాగ్రత్త... ఇంట్లో దాచుకున్న ఉయ్యాల ముక్కను మొదటి రోజే లేత్ ఎక్కించకూడదు. ముందు ఏ వేప కొమ్మనో, పనికిరాని చెక్కనో తీసుకుని నాలుగైదు పెన్నులు చేయాలి. ప్రతిదాన్నీ గోటితో గీసి చూడాలి. ఎక్కడా తట్టుకోకుండా గోరు సాఫీగా జారిపోయిన రోజున, ఆ ఉయ్యాల ముక్కను బయటికి తీయొచ్చు.