ఫైబరు పడవకు ఇంటి వైద్యం

గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్నారు పెద్దలు. ఫైబరు పడవ పైపూతలో పడే చిన్న చిన్న గుంటల విషయంలో యీ మాట అక్షరాలా వర్తిస్తుంది. శనగగింజంత గుంటను కనిపించిన వెంటనే పూడ్చుకుంటే ఒకటి రెండు పూటల పని. అది గోటితో పోయే జబ్బో, గొడ్డలి కావలసిన జబ్బో ముందు తెలుసుకోవడమే అసలు విద్య.

యానాంలో గౌతమి ఒడ్డునా, పూరీ పెంటకోటలో సముద్రపు టొడ్డునా వేట మీద బతికే మన తెలుగు కుటుంబాలు చాలా వున్నాయి. ఒకప్పుడు దుంగలు జతచేసి కట్టిన తెప్పలు, కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు యీ తీరమంతా కనిపించేవి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమం 1980ల్లో అలలకు తట్టుకొని ఒడ్డుకెక్కే ఫైబరు పడవల నమూనాలను తయారు చేసింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఫైబరు పడవలు మరీ విస్తరించాయి. చెక్క పడవ మరమ్మతు తాతల నాడే తెలుసు. యీ కొత్త పడవ సంగతే యింటింటా తెలియవలసి వుంది.

ఫైబరు పడవ గోడ ఒకే ముద్ద కాదు. పైన రంగుతో నిగనిగలాడే పొరను జెల్‌కోట్ అంటారు. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. దాని కింద గాజునారను రెజిన్‌తో తడిపి పొరలు పొరలుగా వేసిన గోడ వుంటుంది. పైది చర్మం, లోపలిది ఎముక అనుకోండి. పడవను అచ్చులో పోసేటప్పుడు మూలల్లో గాలి బుడగ చిక్కుకుంటే, కొన్నాళ్లకు పైపొర పెచ్చులూడి గుంట బయటపడుతుంది. లంగరు తగిలినా, రాయి గీసుకున్నా, పాత మర తీసేసినా గుంట మిగులుతుంది. బలానికి వెంటనే లోటు లేకపోయినా, ఆ దారిన నీరు గాజునారలోకి మెల్లగా పాకుతుంది. ఉపేక్ష పనికిరానిది అందుకే.

పని మొదలుపెట్టే ముందు ఒక నాణెం తీసుకొని గుంట చుట్టూ తట్టి చూడండి. అంతటా ఒకే మోస్తరుగా గట్టిగా ఖంగుమంటే పరవాలేదు. ఒకచోట బోలుగా, మందంగా మోగితే లోపల పొరలు విడిపోయాయన్న మాట. పైన పటారం, లోన లొటారం! తెగిన గాజునార కనిపించినా, వేలితో నొక్కితే లోపలికి వంగినా, ఒక చుక్క నుంచి నక్షత్రంలాగా బీటలు సాగినా, పడవ లోపలి వైపు చెమ్మ తేలినా ఆ పని మనది కాదు. పడవలు కట్టే పనివాణ్ణి పిలవవలసిందే. గుంట పైపొరలోనో, దానికి కాస్త కిందనో ఆగిపోయినప్పుడే యీ యింటి వైద్యం.

మొదట పడవను మంచినీళ్లతో, సబ్బుతో కడిగి ఉప్పంతా పోగొట్టాలి. రెండు మూడు రోజులు బాగా ఆరనివ్వాలి. తడి మీద వేసిన పూత నిలవదు. తరువాత గుడ్డను అసిటోన్‌లో ముంచి మైనం, నూనె జిడ్డు తుడవాలి. జిడ్డు వుండగానే గరుకు కాగితం పడితే ఆ జిడ్డు గుంటలోకే దిగుతుంది. ఆ పిమ్మట గుంట అంచుల్ని చిన్న ఆకురాయితో వాలుగా చెక్కి, 80 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. నిటారు అంచు కంటె వాలు అంచే లప్పాన్ని గట్టిగా పట్టుకుంటుంది. చుట్టూ అంటుకాగితం అతికిస్తే మంచి భాగం పాడుకాదు. రుద్దేటప్పుడు ముక్కుకు ముసుగు, ఒంటికి పొడుగు చేతుల చొక్కా తప్పవు. గాజు పొడి చర్మానికి దురద, ఊపిరికి చేటు.

ఇక మందుల సంగతి. అంగట్లో పాలియెస్టరు రెజిన్, కోబాల్టు, హార్డెనర్ అని మూడు సీసాలు ఇస్తారు. కోబాల్టునూ హార్డెనర్‌నూ నేరుగా ఎన్నడూ కలపకూడదు. కలిపితే భగ్గున మండి పేలే ప్రమాదం వుంది. ముందు కోబాల్టును రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తరువాతనే హార్డెనర్ వెయ్యాలి. కోబాల్టు ముందే కలిపిన రెజిన్ దొరికితే అదే కొనడం క్షేమం. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు గనుక కళ్లద్దాలు, చేతి తొడుగులు ముఖ్యం. పడితే తక్షణం ధారగా నీళ్లతో పావుగంట కడిగి, వైద్యుని దగ్గరకు వెళ్లాలి. పిల్లల్నీ, పొయ్యినీ, చుట్ట బీడీల్నీ దూరంగా వుంచండి. పని గాలి ఆడే నీడపట్టున చెయ్యండి.

100 గ్రాముల రెజిన్‌కు హార్డెనర్ 1 నుంచి 2 గ్రాములు చాలు. సూది లేని సిరంజితో కొలుచుకోవచ్చు. లోతు గుంటకు రెజిన్‌లో టాల్కం పొడి కలిపి లప్పంలా చేసుకొని, గాలి చిక్కకుండా కొంచెం కొంచెంగా అదిమి, అర మిల్లీమీటరు తక్కువగా నింపాలి. కొద్దిగానే కలపండి. డబ్బాలో మిగిలిన ముద్ద దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది. కార్లకు వాడే లప్పం నీరు పీలుస్తుంది గనుక నీటిలో మునిగే భాగానికి వాడవద్దు. ఎపాక్సీ లప్పం వాడితే దానిమీద జెల్‌కోట్ సరిగా అంటదు. అక్కడ రంగు వేసుకోవడమే మంచిది.

లప్పం గట్టిపడ్డాక మళ్లీ రుద్ది, పడవ రంగుకు సరిపోయే జెల్‌కోట్‌ను హార్డెనర్‌తో కలిపి, చుట్టుపక్కల కంటె ఒక పిసరు ఎత్తుగా పెట్టాలి. మామూలు జెల్‌కోట్‌కు గాలి తగిలితే పైన జిగురుగానే వుండిపోతుంది. పైన పలుచని ప్లాస్టిక్ కాగితం పరిచి, బుడగలు లేకుండా నిమిరి, మర్నాటిదాకా వదిలెయ్యాలి. తరువాత నీళ్లు తడుపుతూ వాటర్ పేపరుతో 220, 400, 600, 1000 నంబర్ల వరుసలో రుద్దాలి. చిన్న చెక్కముక్కకు కాగితం చుట్టి రుద్దితే పల్లం పడదు. చివర రబ్బింగ్ కాంపౌండ్, ఆపైన మైనం పట్టిస్తే గుంట ఎక్కడుండేదో వెతకవలసి వస్తుంది.

ఆ నునుపే మోసం చెయ్యగలదు సుమా! పొరలు విడిపోయిన పడవకు కూడా పైన యిదే మెరుగు పెట్టవచ్చు. అట్లాంటి పడవను బాగుందని అమ్మితే, కొన్నవాడు తన బిడ్డల్ని ఎక్కించుకొని సముద్రం మీదికి పోతాడు. పాత పడవ కొనేవారు మెరుపు చూసి ధర కట్టక, ముందు నాణెంతో తట్టి చూడాలి.

కాబట్టి ఒక చిన్న మాట. ఏ గుంటను ఏ తేదీన, ఏ చోట పూడ్చారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏటా పడవను ఒడ్డుకు లాగినప్పుడు అదే కాగితంతో సరిచూడండి. పూడ్చిన చోటే మళ్లీ విచ్చుకుంటే అది పైగుంట కాదు, లోపలి జబ్బు. పనివాణ్ణి పిలవండి. పడవ అమ్మేనాడు ఆ కాగితాన్ని కూడా కొన్నవారి చేతిలో పెట్టండి.