సెలవులకు ఎటు: సోమశిలకా, గద్వాలకా?

క్రిస్మస్ సెలవులు రాగానే ఇంటింటా ఇదే చర్చ. కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు వెళ్తే కృష్ణానది, లాంచీ ప్రయాణం, జనసందడి, పిల్లలకు పండుగే. గద్వాలకు వెళ్తే సోమనాద్రి కట్టించిన పాత మట్టికోట, అందులోనే డిగ్రీ కళాశాల, ఊళ్లో చీరల మగ్గాలు. పెద్దలు నిదానంగా చూడవచ్చు. ఖర్చూ తక్కువే.

అయితే ఒక్క మాట. ఆ నదీతీరపు ఊళ్లెన్నో శ్రీశైలం జలాశయంలో మునిగాయి. 1981లో వేలాది కుటుంబాలు ఇల్లూ పొలమూ విడిచి కదిలాయి. అక్కడ పుట్టిన అవ్వ మీ ఇంట ఉంటే, ఆమెకు ఆ నీళ్లు విహారస్థలం కావు, పుట్టిన ఊరు. కనుక పిల్లలకంటె ముందు అవ్వను అడగండి. వద్దంటే గద్వాల బస్సెక్కండి. వస్తానంటే లాంచీలో ఆమె పక్కన పిల్లలను కూర్చోబెట్టండి. తన ఊరి సంగతులు ఆమే చెబుతుంది.