మనసు చెప్పిందల్లా నిజమేనా?

రాత్రి ఎనిమిదైంది. హైదరాబాద్ నుంచి రావలసిన అబ్బాయి ఇంకా ఇల్లు చేరలేదు. ఫోను చేస్తే ఎత్తడం లేదు. అప్పుడు మీ మనసులో ముందుగా మెదిలే మాట ఏమిటి? 'బస్సులో నిద్రపోయి ఉంటాడు' అనా, 'అయ్యో, ఏమైందో' అనా?

నాకైతే ఎప్పుడూ రెండోదే. మా కొత్తకోట 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. అంబులెన్సు కూత వినబడితే చాలు, గుండె దడ, అరచేతుల్లో చెమట. పొయ్యి మీద కూర మాడినా తెలిసేది కాదు. ఒకరోజు ఇరవై మూడుసార్లు ఫోను చేశానట, మావాడే లెక్క చెప్పాడు. "ఏందే, మళ్లా చేస్తున్నవా?" అని మావారి కసురు. నిద్ర కరువై, జాకెట్లన్నీ వదులైపోయాక గానీ డాక్టరు దగ్గరికి పోలేదు. 'ఎర్రగడ్డకు పోవాలె' అన్నమాటను మన వైపు తిట్టుగా వాడతారు కదా, అదీ నా భయం!

డాక్టరుగారు థైరాయిడ్ పరీక్ష చేయించి, అది బాగానే ఉందని చూసి, ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ చేసిన వైద్యం పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సి.బి.టి. మన మాటల్లో ఆలోచననూ, చేతనూ సరిదిద్దే చికిత్స. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు దీనికి రూపమిచ్చారు. కుంగిపోయిన రోగుల మనసులో తమ గురించీ, రేపటి గురించీ చెడ్డ మాటలు వాటంతటవే మెరుపులా వచ్చిపోతుంటాయనీ, వాళ్లు వాటిని పరీక్షించకుండానే నమ్మేస్తారనీ ఆయన గమనించారు. నూరేళ్లు బతికి 2021లో పోయారు.

ఆవిడ నాకు మంత్రమేమీ చెప్పలేదు. ఒక నోటుబుక్కు పెట్టమన్నారు. నేను పాల లెక్క పుస్తకం వెనకపేజీలు వాడుకున్నాను. గీతలు గీసి నాలుగు గడులు: ఏం జరిగింది, ఏమనుకున్నాను, దానికి సాక్ష్యమేమిటి, కాదనడానికి సాక్ష్యమేమిటి. పక్కన కాస్త చోటు వదిలి, చివరికి నిజంగా ఏమైందో మర్నాడు రాయాలి. నెలన్నరలో నేను ఊహించి రాసుకున్న ప్రమాదాలు పంతొమ్మిది. జరిగింది ఒక్కటే, అదీ బస్సు టైరు పంచరు!

'అంతా మంచే జరుగుతుందనుకో' అని చెప్పడమే ఈ వైద్యమనుకునేరు. కాదు. రోడ్డు మీద ప్రమాదాలు జరగవని ఆవిడ ఎన్నడూ అనలేదు. ఫోను ఎత్తకపోవడం ప్రమాదానికి సాక్ష్యమా అని మాత్రమే అడిగారు.

రాయడం కన్నా కష్టమైనది రెండో సగం. ఫోను చేయకుండా మొదట పది నిమిషాలు ఆగాలి, తరవాత అరగంట, ఆ తరవాత గంట. పది నిమిషాలేం లెక్క అనుకుంటారు గానీ, మొదటిరోజు ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసి, వాకిట్లో కూర్చుని ఏడ్చాను. మాటిమాటికీ ఫోను చేస్తే దొరికే ఊరట క్షణమే, ఆ ఊరటే మళ్లీ భయాన్ని మేపుతుందని ఆవిడ చెప్పింది అప్పుడు ఎక్కలేదు. ఊరుకున్నా దడ దానంతటదే దిగుతుందని ఒంటికి తెలిశాక ఎక్కింది.

ఇది చదువుకున్నవాళ్ల వైద్యమేమో అని మీకు అనిపించవచ్చు. పాకిస్తాన్‌లో రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో, మన ఆశా అక్కల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకు ఈ పద్ధతి నేర్పి, కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. కాన్పయిన ఆరు నెలలకు, ఈ సాయం అందినవారిలో నూటికి 23 మందికి కుంగుబాటు మిగిలింది. మామూలుగా ఇంటికి వచ్చి పలకరించి పోయినవారిలో అది 53. మన పల్లెల్లో ఎందుకు రాకూడదు?

ఒక్క సంగతి మరవకండి. తాగివచ్చి కొట్టే మొగుడున్న ఇల్లాలితో 'నీ ఆలోచన మార్చుకో' అనడం వైద్యం కాదు, అన్యాయం. ఆమె ముందు 181కి ఫోను చేయాలి. మాత్రలు వాడుతున్నవాళ్లు దీన్ని నమ్ముకుని సొంతంగా ఆపకండి, రెండూ కలిపి నడిచే సందర్భాలు చాలా. ఈ చికిత్స మామూలుగా వారానికోసారి చొప్పున పన్నెండు నుంచి ఇరవై సార్లు ఉంటుంది. వెళ్లే ముందు ఆ సైకాలజిస్టుకు ఆర్.సి.ఐ. నమోదు ఉందా అని అడగండి, మొహమాటం వద్దు. దగ్గర్లో ఎవరూ లేకపోతే 14416కి ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అది. డబ్బు కట్టనక్కరలేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి.

మొన్న శనివారం మళ్లీ ఎనిమిదైంది, మావాడు ఫోను ఎత్తలేదు. పుస్తకంలో రెండు గడులు నింపి గోరుచిక్కుడు తుంచుతూ కూర్చున్నాను. దడ వచ్చింది. తొమ్మిదింబావుకు వాకిట్లో చెప్పుల చప్పుడు. "ఛార్జింగ్ అయిపోయిందమ్మా, ఏం వండినవ్?"