సర్వర్ ఆగిందా? ముందు కేబుల్ చూడండి

2023 ఫిబ్రవరి 15 ఉదయం జర్మనీలో లుఫ్తాన్సా విమాన సంస్థ కంప్యూటర్ వ్యవస్థలు స్తంభించాయి. చెకిన్, బోర్డింగ్ చిక్కుల్లో పడ్డాయి. ఒక్క ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే 200కు పైగా విమానాలు రద్దయ్యాయి. మూలం ప్రోగ్రాములో లేదు. ముందురోజు సాయంత్రం ఆ నగరంలో రైలు మార్గం పనుల్లో వాడిన డ్రిల్లు, డాయిష్ టెలికామ్ సంస్థ ఆప్టికల్ ఫైబర్ (సమాచారాన్ని కాంతిగా మోసే గాజుపోగు) కేబుళ్లను తెంచేసింది.

సర్వర్ అంటే, ఎన్నో కంప్యూటర్లు అడిగే సమాచారాన్ని అందించే యంత్రం. దాని పని అంచెలంచెలుగా సాగుతుంది. అడుగున కరెంటు, దానిపై కేబుల్, ఆపై నెట్‌వర్క్, డిస్క్, చివరికి ప్రోగ్రాము. కింది అంచె చెడితే పైవన్నీ చెడినట్టే కనిపిస్తాయి. తెర మీద కనబడేది మాత్రం పై అంచె ఫిర్యాదే. అందుకే చాలామంది నేరుగా ప్రోగ్రాము మీద పడతారు, సెట్టింగులు మారుస్తారు. అసలు లోపం అలాగే ఉంటుంది, కొత్తది తోడవుతుంది.

కాబట్టి అడుగు నుంచి మొదలుపెట్టాలి. కరెంటు వస్తోందా? కేబుల్ గట్టిగా ఉందా, దాని పక్కనున్న చిన్న దీపం వెలుగుతోందా? తర్వాత పింగ్ (అవతలి యంత్రం బదులిస్తుందో లేదో తెలిపే చిన్న పలకరింపు) పంపాలి. ఆపైన డిస్క్‌లో ఖాళీ ఉందో చూడాలి. లాగ్ ఫైళ్లు (యంత్రం రాసుకునే డైరీ) పెరిగి డిస్క్ నిండితే డేటాబేస్ కొత్తగా ఏమీ రాయలేకపోతుంది. అప్పుడు లాగిన్ కూడా విఫలం కావచ్చు. చివరగా గడియారం. తేదీ తప్పితే, గడువున్న భద్రతా పత్రాలు కూడా చెల్లనివిగా కనిపిస్తాయి. ఇవన్నీ చూడటానికి కొన్ని నిమిషాలు చాలు.

కేబుల్ తెగితే ఆదుకునే ప్రత్యామ్నాయ మార్గాన్నీ పరీక్షించాలి. 2022 అక్టోబర్ 8న ఉత్తర జర్మనీలో రైళ్లు దాదాపు 3 గంటలు నిలిచిపోయాయి. రైళ్లకు, కంట్రోల్ కేంద్రాలకు మధ్య నడిచే రేడియో మూగబోయింది. హెర్నె, బెర్లిన్ నగరాల్లో కేబుళ్లను ఎవరో కావాలనే కోశారు. ఒకటి తెగితే ఆదుకోవాల్సిన రెండోదీ లేకుండా పోయింది.

చిన్న ఆఫీసుకైనా, పెద్ద సంస్థకైనా వరుస ఇదే. ఈ ప్రశ్నలను ఒక కాగితం మీద రాసి సర్వర్ గదిలో అంటించండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసి పెట్టండి. కేబుల్ చూడకుండా ప్రోగ్రామును ముట్టుకోకండి.